ఎంవీపీ కాలనీలో పెయింటింగ్ సేవ: రంగు బాగా కుదిరింది, గాలి సంగతే ఎవరూ పట్టించుకోలేదు

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉండే ఎంవీపీ కాలనీ ఇళ్లలో ఇనుప గ్రిల్లులకు ఆయుష్షు తక్కువ. ఉప్పుగాలికి రంగు పొక్కులు లేచి, తుప్పు చారలు గోడ మీదికి కారడం మొదలవుతుంది కనుక, ఇక్కడ ఎనామిల్ వేయించడం అందం కోసం కంటే అవసరం కోసమే ఎక్కువ. ఈ మధ్య మా ఫ్లాట్‌లో గ్రిల్లులు, తలుపులు, గోడ అలమరాల పని ఒక స్థానిక పెయింటింగ్ కాంట్రాక్టరుకు అప్పగించాము. పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను ఇక్కడ ఎత్తిచూపే లోపాలు ఆయన ఒక్కరివే కావు.

పనితనానికి వంక పెట్టడానికి లేదు. పాత రంగును గరుకు కాగితంతో శుభ్రంగా రుద్ది, తుప్పు ఉన్నచోట రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పట్టించి, అది పూర్తిగా ఆరిన తరువాతే ఎనామిల్ రెండు కోట్లు వేశారు. బ్రష్ గీతలు కనబడవు, గచ్చు మీద చుక్క పడలేదు, ఒప్పుకున్న డబ్బుకు మించి అడగలేదు.

నా అభ్యంతరమంతా ఎనామిల్‌లోను, దాన్ని పలుచన చేసే టర్పెంటాయిల్‌లోను ఉండే పెట్రోలియం ద్రావకాల ఆవిరి గురించే. హార్డ్‌వేర్ దుకాణంలో టర్పెంటాయిల్ పేరుతో మనకిచ్చేది సాధారణంగా ముడిచమురును శుద్ధి చేసేటప్పుడు కిరసనాయిలుకు దగ్గరగా దిగే ఒక భాగం. నేను ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం ఒక రసాయన కర్మాగారపు భద్రతా విభాగంలో గడిపిన వాడిని కనుక, పని మొదలైన పూటే మేస్త్రి కిటికీలన్నీ మూయించి, ఫ్యాన్లు ఆపించడం చూసి ఊరుకోలేకపోయాను. తడి రంగు మీద దుమ్ము వాలకూడదన్నది ఆయన లెక్క, అది అబద్ధం కాదు. అయితే ఆ గదిలో మనుషులు కూడా ఉన్నారు.

లెక్క వేసి చూస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి సుమారు 34 ఘనపు మీటర్లు. పని వేళల సగటుగా ఘనపు మీటరు గాలిలో ఈ ద్రావకపు ఆవిరి 350 మిల్లీగ్రాములు మించకూడదని అమెరికా జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ సూచించింది. అంటే ఆ గది మొత్తానికి 12 గ్రాములు, ద్రవరూపంలో చెప్పాలంటే ఒక పెద్ద చెంచాడు. లీటరు ఎనామిల్‌లో మూడు నాలుగు వందల గ్రాముల ద్రావకం ఉండడం మామూలే, అది ఆరడమంటే ఆ ద్రావకమంతా గాలిలో కలవడమే. తలుపులు మూసిన గదిలో ఒక అలమరా లోపలి వైపు పూర్తయ్యేసరికి ఆ పరిమితి ఎంత వెనకబడిపోతుందో వేరే చెప్పనక్కరలేదు.

మధ్యాహ్నానికల్లా అలమరాలో తల దూర్చి పనిచేస్తున్న కుర్రవాడు కళ్లు మండుతున్నాయని, తాగినట్టు తల తిరుగుతోందని బాల్కనీలోకి వచ్చి కూర్చున్నాడు. ఈ ఆవిరి ఊపిరితిత్తుల ద్వారా రక్తంలోకి, అక్కడినుంచి మెదడుకు చేరి మత్తుమందు తరహాలో పనిచేస్తుంది కనుక తలనొప్పి, వికారం, మగత, తూలడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. చల్లగాలిలోకి వస్తే చాలావరకు తగ్గిపోతాయి. తగ్గిపోవడమే దీన్ని అందరూ తేలికగా తీసుకోవడానికి కారణం. అక్కడే ఉన్న మేస్త్రి, “అలవాటైపోద్ది బాబూ, మాకసలు వాసనే తెలీదు” అన్నారు. వాసన తెలియకపోవడం ఒంటికి కుదిరిందనడానికి గుర్తు కాదు. ముక్కు కొద్దిసేపట్లోనే ఆ వాసనకు మొద్దుబారుతుంది, ఆవిరి మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది.

ఏళ్ల తరబడి ఇదే గాలి పీల్చేవారి సంగతి వేరు. 1970లలో స్వీడన్, డెన్మార్క్ వంటి దేశాల్లో పెయింటర్లలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గడం, చిరాకు, నిస్సత్తువ వంటివి గమనించి పరిశోధకులు దీన్ని లోతుగా పరిశీలించారు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ద్రావకాల వల్ల నాడీ వ్యవస్థకు కలిగే దీర్ఘకాలిక హానిని దశలవారీగా వర్గీకరించింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1989లో పెయింటర్ వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అందులో ద్రావకాలతోపాటు పాత రంగుల దుమ్ము వంటివి కూడా ఉన్నాయి కనుక తప్పంతా టర్పెంటాయిల్ మీదికి నెట్టడం న్యాయం కాదు. ఏమైనా, రంగు వేయించుకున్న మనం ఆ గాలి నాలుగు రోజులు పీలుస్తాము, వేసేవారు జీవితమంతా పీలుస్తారు.

2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ప్లాస్టిక్ కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి 12 మంది ప్రాణాలు తీసిన ఊరు మనది. స్టైరీన్ వేరు, టర్పెంటాయిల్ వేరు, రెంటినీ ఒకే గాట కట్టకూడదు. కానీ కర్మాగారం వైపునుంచి చిన్న వాసన వచ్చినా ఉలిక్కిపడే మనం, పడకగదిలోని వాసనను “కొత్త రంగు కదా” అని సరిపెట్టుకోవడం నాకు వింతగానే ఉంటుంది.

బృందం ముఖాలకు చేతిరుమాళ్లు కట్టుకుంది. చేతిరుమాలు గాని, ఎన్95 మాస్కు గాని ఆవిరిని ఆపవు. దానికి ఉత్తేజిత బొగ్గు నింపిన, సేంద్రియ ఆవిరికి ఉద్దేశించిన కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. గాజువాక వైపు పారిశ్రామిక సామగ్రి అమ్మే దుకాణం నుంచి నేనే రెండు తెప్పించి ఇచ్చాను. ఒకటి గుర్తుంచుకోవాలి: మన తీరప్రాంతపు తేమను కూడా ఆ బొగ్గు పీల్చుకుంటుంది కనుక కార్ట్రిడ్జి త్వరగా పనికిరాకుండా పోతుంది. పని ఆపిన ప్రతిసారీ గాలి చొరని సంచిలో పెట్టాలి, మాస్కు లోపల వాసన తగిలిన వెంటనే మార్చాలి.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది మరొకటి. టర్పెంటాయిల్‌ను పాత కూల్‌డ్రింక్ సీసాలో పోసి వంటింటి గట్టు మీద పెట్టారు. పిల్లలు నీళ్లనుకుని గుక్కెడు మింగితే, అది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వంటి స్థితి తెస్తుంది. అలాంటప్పుడు వాంతి చేయించడం మరింత ప్రమాదం, నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. పైగా ఈ ద్రావకానికి సుమారు 40 డిగ్రీల వేడి దగ్గరే నిప్పు తగిలితే అంటుకునే స్వభావం ఉంది కనుక, పొయ్యి పక్కన దానికి చోటే లేదు. దేవుడి గది తలుపుకు రంగు వేసిన రోజు మా ఇంట్లో దీపం కూడా పెట్టలేదు.

చెప్పిన తరువాత మేస్త్రి మాట విన్నారు, ఆ మర్యాద ఆయనకు దక్కాలి. తూర్పు కిటికీలు, పడమటి తలుపులు తీసి పగటి సముద్రపుగాలి ఇల్లంతా తిరిగేలా చేశారు. వాలిన కొద్దిపాటి దుమ్మును మలి కోటుకు ముందు గరుకు కాగితంతో తుడిచేశారు, నునుపులో తేడా రాలేదు. మా అమ్మగారికి ఉబ్బసం ఉండడంతో ఆవిడను ముందే సీతమ్మధారలోని మా చెల్లెలి ఇంటికి పంపాము. పిల్లల గది తలుపులకు నీటితో కలిపే ఎనామిల్ వేయించాము. వాసన బొత్తిగా లేదనలేము గాని, ఆ పూటే గదిలో కూర్చోగలిగాము. బయటి గ్రిల్లులకు మాత్రం పాతరకం ఎనామిలే వేయించాను, అక్కడ ఆవిరిని గాలే తీసుకుపోతుంది.

పనితనానికి అయిదుకు నాలుగున్నర, భద్రతకు రెండు ఇస్తాను. వచ్చేసారి కూడా ఈ మేస్త్రినే పిలుస్తాను. అయితే బయానా ఇచ్చే ముందే ఇంటి లోపలికి నీటి ఎనామిల్, తీసి ఉంచిన కిటికీలు, పనివారందరికీ కార్ట్రిడ్జి మాస్కులు అని ఒప్పందంలో రాయించుకుంటాను, మాస్కుల ఖర్చు నేనే పెట్టుకుంటాను.