త్యాగయ్య ఊళ్ళో ఒక్క రాత్రి చాలదు

తంజావూరులో మూడు రాత్రులు, త్యాగయ్య బతికిన తిరువైయారులో ఒక్క రాత్రి ఉన్నాం. ఈ లెక్క తిరగేసి వేసుకోవాల్సిందని రెండో రోజుకే తెలిసింది కానీ, అప్పటికే గదులకి డబ్బు కట్టేశాం. వాగ్గేయకారులు తిరిగిన కావేరి ఊళ్ళు చూడాలనుకునేవాళ్ళు మాలా చేయకూడదని ఇదంతా రాస్తున్నాను.

వెళ్ళింది అమ్మా, నేనూ. అమ్మకి అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పెళ్ళికి ముందు పదేళ్ళు సంగీతం నేర్చుకుంది, ఇప్పటికీ వంటింట్లో పాడుకుంటూనే ఉంటుంది. పుష్య బహుళ పంచమికి తిరువైయారులో జరిగే త్యాగరాజ ఆరాధనకి కాకుండా కావాలనే శ్రావణంలో బయలుదేరాం. ఆరాధన రోజున వందల మంది ఒకచోట కూర్చుని పంచరత్న కీర్తనలు పాడుతుంటే వినాల్సిందే, కాదనను. కానీ ఆ జనంలో అమ్మని కూర్చోబెట్టడం, గది సంపాదించడం నావల్ల కాదనిపించింది. ఇంకో మేలు కూడా ఉంది. మామూలుగా జూన్ 12న మెట్టూరు డ్యాం నీళ్ళు వదులుతారు కాబట్టి, శ్రావణం నాటికి కావేరి నిండుగా పారుతుంటుంది.

చెన్నైలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి తంజావూరు. బస్టాండు దగ్గర లాడ్జిలో రోజుకి 1,900 రూపాయలు. గది శుభ్రంగా ఉంది, లిఫ్టు ఉంది. వేడినీళ్ళు మాత్రం పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే. కిటికీ బస్టాండు వైపు ఉండటంతో రాత్రంతా హారన్లు. పెద్దవాళ్ళతో వెళితే ఊరికి కాస్త ఎడంగా గది చూసుకోండి, ఆటోకి వంద ఎక్కువైనా సరే.

1010లో పూర్తయిన రాజరాజ చోళుడి పెద్ద గుడి ఎలాగూ అందరూ చూస్తారు. మాకు ముఖ్యం రాజభవనం, అందులోని సరస్వతీ మహల్ గ్రంథాలయం. మేం చూసింది మ్యూజియం గది మాత్రమే. అయినా అక్కడ గంటన్నర నిలబడిపోయాం. తమిళ దేశం నడిబొడ్డున తెలుగు తాళపత్రాలు ఎందుకున్నాయంటే, 17వ శతాబ్దంలో ఇక్కడ ఏలిన నాయక రాజుల ఆస్థానంలో కవిత్వం తెలుగులో సాగింది. రఘునాథ నాయకుడు తెలుగు కవి, ఆయన కొడుకు విజయరాఘవుడు యక్షగానాలు రాశాడు. కృష్ణా జిల్లా మొవ్వ నుంచి వచ్చిన క్షేత్రయ్య పదాలు ఈ సభల్లోనే వినిపించాయి. తర్వాత మరాఠాలు వచ్చారు. ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే శహాజీ రాజు కూడా పాటల నాటకం రాయాల్సి వచ్చేసరికి తెలుగునే పట్టుకున్నాడు. త్యాగయ్య తెలుగులో పాడటం వెనక ఇంత పూర్వరంగం ఉందని చదివి తెలుసు. ఆ గదిలో నిలబడ్డాకే అది మనసుకెక్కింది. మీకు సమయం తక్కువైతే మిగతా రాజభవనం వదిలేసి ఇదొక్కటి చూడండి.

పడమటి రాజవీధిలో బంగారు కామాక్షి గుడి ఉంది. త్యాగయ్య కాలపు వాగ్గేయకారుడు శ్యామశాస్త్రి అర్చకత్వం చేసిన గుడి ఇదే. బయటినుంచి చూస్తే ఇక్కడో గుడి ఉందని కూడా అనిపించదు. లోపల జనం లేరు, మెట్లు లేవు, అమ్మకి హాయిగా ఉంది. భైరవి రాగంలో ఆయన కట్టిన స్వరజతి ఈ తల్లి ముందు పుట్టిందనుకుంటూ అమ్మ గర్భగుడి ఎదుట మొదటి చరణం పెదవులు కదిపీ కదపనట్టు పాడుకుంది. గుళ్ళన్నీ మధ్యాహ్నం పన్నెండుకి మూసి నాలుగింటికి తెరుస్తారు కనుక పొద్దున్నే వెళ్ళాలి.

ఆ మధ్యాహ్నం ఖాళీలో ఒక వీణలు చేసే ఇంటికి వెళ్ళాం. పనస దుంగ తొలిచిన కుండ మీద మెరుగు ఇంకా పెట్టలేదు, పచ్చి చెక్క వాసన వేస్తోంది. మైనం, మసి కలిపి కరిగించి దండి పొడుగునా పోస్తారు. అది ఆరకముందే స్వరాలు పలికించే 24 మెట్లూ నిలబెట్టాలి. ఆ పెద్దాయన మెట్టు పెట్టి, తీగ మీటి, విని, వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ మీటుతున్నాడు. కొలత అంతా చెవిలోనే ఉంది. మేం కొనేవాళ్ళం కాదని ముందే చెప్పినా కుర్చీలు వేసి కూర్చోబెట్టారు.

తిరువారూరు అక్కడికి 60 కిలోమీటర్ల లోపే. ఫోన్లో కారు మాట్లాడుకున్నాం. చెప్పిన రేటు ఒకటి, దిగాక అడిగింది ఇంకొకటి. డ్రైవర్ బత్తా, వెయిటింగు అంటూ 700 రూపాయలు అదనంగా గుంజారు. మొత్తం ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి, లేదా రైల్లో వెళ్ళండి. శ్యామశాస్త్రి 1762లో, త్యాగయ్య 1767లో, ముత్తుస్వామి దీక్షితులు 1775లో, ముగ్గురూ పదమూడేళ్ళ తేడాలో ఒకే ఊళ్ళో పుట్టారు. ఆ ఇళ్ళ స్థలాల్లో ఇప్పుడు స్మారకాలున్నాయి. ఒకదానికి తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్నాయన వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. చూడటానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు కూడా. నా మాట వింటే ఆ సమయం అక్కడి శివుడు త్యాగరాజస్వామి గుడికే ఇవ్వండి. అమ్మవారు కమలాంబ సన్నిధి ముందు కూర్చుంటే, ఆవిడ మీద దీక్షితులు కట్టిన నవావరణ కీర్తనల్లోని నెమ్మది ఎక్కడిదో తెలుస్తుంది. ప్రాకారాలు విశాలం, ఒక్కో అడుగూ నిదానంగా వేయాల్సిందే, ఆ కీర్తనల్లాగే. అయిదు ముఖాల పంచముఖ వాద్యాన్ని కూడా అడిగి చూడండి. ఎండెక్కితే రాళ్ళ మీద నడవలేం, అమ్మకి మేజోళ్ళు తొడిగి తీసుకెళ్ళాను.

కృష్ణలీలా తరంగిణి రాసిన నారాయణ తీర్థుల వరాహూరుకి వెళ్ళాం కానీ గుడి మూసేవేళకి చేరాం. దాని గురించి చెప్పే అర్హత నాకు లేదు.

ఇక తిరువైయారు. తంజావూరు నుంచి బస్సులో అరగంట పైచిలుకు. దారిలో వరసగా ఏరు మీద ఏరు దాటుతుంటే అయిదు నదులని చెప్పే ఊరి పేరు దానంతటదే అర్థమవుతుంది. మేం దిగిన చోటు ఒక సత్రం లాంటిది. 800 రూపాయలు, ఫ్యాను, రెండు మంచాలు, దోమలు. లిఫ్టు లేదు, కింది గది అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చారు. భోజనానికి ఎంచుకోవడానికి పెద్దగా ఏం లేవు. పెసరపప్పుతో చేసే అశోకా హల్వా మాత్రం వేడివేడిగా, ఆకులో పెట్టిస్తారు. నెయ్యి వేళ్ళ సందుల్లోంచి కారుతుంది.

త్యాగయ్య సమాధి కావేరి ఒడ్డునే. 1847లో ఆయన వెళ్ళిపోయాక చాలాకాలం ఆ చోటు పాడుపడి ఉంటే, గాయని బెంగళూరు నాగరత్నమ్మ తన సొమ్ముతో స్థలం సంపాదించి 1920లలో మందిరం కట్టించింది. అప్పట్లో ఆరాధనలో ఆడవాళ్ళని పాడనిచ్చేవారు కారు. ఆవిడ ఆడవాళ్ళందరినీ కూడగట్టి వేరే ఆరాధన జరిపించింది. తంజావూరు మరాఠా ఆస్థాన కవయిత్రి ముద్దుపళని కావ్యాన్ని 1910లో అచ్చు వేయించిందీ ఆవిడే. ఇప్పుడు త్యాగయ్యకి ఎదురుగా, విగ్రహమై చేతులు జోడించి కూర్చుని ఉంటుంది. నేను ముందు ఆవిడకే దణ్ణం పెట్టాను.

సాయంత్రం అక్కడ పట్టుమని పదిమంది లేరు. ఒక పద్దెనిమిదేళ్ళ అమ్మాయి నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని గౌళలో 'దుడుకుగల' సాధన చేస్తోంది. అమ్మ పక్కన కూర్చుని తాళం వేసింది. పాటయ్యాక ఆ పిల్ల, "మామీ, దుడుకు అంటే ఏంటి?" అని సగం తమిళంలో, సగం ఇంగ్లీషులో అడిగింది. చరణాలన్నీ తడుముకోకుండా పాడిన పిల్ల!

అమ్మ కాసేపు ఆలోచించింది. "వద్దన్నా వినకుండా పిల్లలు చేస్తారు చూడు, ఆ తొందరపాటు, ఆ పెంకితనం. అలాంటి నన్ను ఏ దొరకొడుకు కాపాడతాడయ్యా అని తనని తనే నిలదీసుకుంటున్నాడు" అంది. నేను నాకొచ్చినంతలో ఇంగ్లీషులో చెప్పాను. ఆ పిల్ల నోటుబుక్కు మా వైపు తిప్పింది. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కదా, తేడా తెలియడానికి 'క'కి 1, 'గ'కి 3 అన్నట్టు అక్షరం పక్కన చిన్న అంకెలు వేసుకుంటారు. 'దు'కి 3, 'డు'కి 3, 'కు'కి ఏమీ లేదు.

"గు కాదమ్మా, కు. నువ్వు దుడుగు అంటున్నావు" అంది అమ్మ.

ఆ పిల్ల మళ్ళీ అంది. ఇంకోసారి అంది. ఆనక పెన్సిలు తీసి ఆ అక్షరం పక్కన 1 అని వేసుకుని, శ్రుతి పెట్టె మీట నొక్కి, పల్లవి మొదటినుంచి అందుకుంది.