గుంటడు, గుంటది, లూన్, క్వైన్: అబర్డీన్‌షైర్‌లో అయిదు రోజులు

ఇదంతా ఓ బడి గేటు దగ్గర మొదలైంది. మా అబ్బాయి అబర్డీన్‌లో చమురు కంపెనీ ఇంజనీరు. పట్నంలో ఇంటి అద్దెలు చూసి బెదిరి, ఇన్వరూరీకి అవతల ఓ పల్లెలో కాపురం పెట్టాడు. మనవడు అక్కడి ప్రైమరీ బడిలో పీ4, అంటే మన లెక్కన మూడో తరగతి అనుకోండి. నేను దిగిన మూడో రోజు సాయంత్రం వాణ్ణి తీసుకురావడానికి వెళ్లాను. గంట కొట్టారు, పిల్లలు బిలబిలా బయటపడ్డారు. మావాడు పక్క పిల్లాడి భుజం మీద చెయ్యి వేసుకుని వస్తూ నన్ను చూసి, "ఫిట్ యి డీయిన్ హియర్, మామ్మా?" అన్నాడు.

పాదం సైజు అడుగుతున్నాడేమో అనుకున్నాను. ఇంటికొచ్చాక కోడలు నవ్వుతూ చెప్పింది. "ఇక్కడేం చేస్తున్నావు అని అడిగాడు, అత్తయ్యా. వీళ్లు 'వాట్'ని 'ఫిట్' అంటారు." 'వేర్' అంటే ఫార్, 'హూ' అంటే ఫా, 'వెన్' అంటే ఫాన్, 'హౌ' అంటే ఫూ. స్కాట్లండ్ ఈశాన్యపు పల్లెల్లో మాట్లాడే ఈ యాసని డోరిక్ అంటారు. ఇది ఇంగ్లీషు చెడిపోయి పుట్టింది కాదు. స్కాట్స్ అని వేరే భాష ఉంది, ఇంగ్లీషుకి అక్కో చెల్లో అవుతుంది. దాని ఈశాన్యపు యాస ఇది.

నేను ముప్పై రెండేళ్లు శ్రీకాకుళం జిల్లాలో ప్రైమరీ టీచర్ని. "ఏటి సేస్తన్నావు" అన్న ప్రతి పిల్లకీ "ఏమిటి చేస్తున్నావు అనాలమ్మా" అని దిద్దిన దాన్ని. ఇప్పుడు నా సొంత మనవడు ఏడు సముద్రాలవతల "ఏటి" అంటున్నాడు. పైగా వాళ్ల మాటలో అబ్బాయి లూన్, అమ్మాయి క్వైన్. మా ఊళ్లో గుంటడు, గుంటది. సరిగ్గా అదే ధోరణి, అదే చనువు, అదే కాస్త మోటుదనం.

అక్టోబరులో బడికి రెండు వారాలు సెలవు. వీటిని ఇప్పటికీ టాటీ హాలిడేస్ అంటారు. ఒకప్పుడు పిల్లలు పొలాల్లో బంగాళదుంపలు ఏరడానికి ఇచ్చిన సెలవులు. ఇప్పుడు ఏరేవాళ్లు లేరు, పేరు మిగిలింది. కోడలు ఎడిన్‌బరా కోట చూపిస్తానంది. కోట ఎక్కడికి పోతుంది, పిల్లలు ఇలా మాట్లాడే ఊళ్లు చూపించమన్నాను. కోడలికి సెలవు దొరకలేదు. అబ్బాయి, మనవడు, నేను కారులో బయల్దేరాం. కాబట్టి ఈ రాతలో ఊళ్లకి మార్కులు వేసింది నా కళ్లు కాదు, చెవులు.

ముందుగా ఓ హెచ్చరిక. ఇక్కడ బోర్డు మీద పేరు ఒకటి, జనం నోట్లో పేరు ఒకటి. మేముండే ప్రాంతం పేరు అక్షరాల ప్రకారం 'గారియాక్', పలకడం 'గీరీ'. ఆల్ఫర్డ్ కాదు, ఆఫర్డ్. టరిఫ్‌ని టరా అంటారు, గార్డెన్స్‌టౌన్‌ని గామ్రీ, ఫ్రేజర్‌బరాని బ్రాక్. అబర్‌చర్డర్‌ అనే ఊరిని అయితే ఫాగీ అంటారు, దానికీ దీనికీ ఏ చుట్టరికమూ కనిపించదు. బస్సులో దారి అడిగేటప్పుడు రెండు పేర్లూ తెలిసి ఉండటం మంచిది.

మొదటి మజిలీ టరిఫ్. కారు లేనివాళ్లకి అబర్డీన్ నుంచి 35 నంబరు బస్సు ఉంది. ఊరి నడిబొడ్డున ఓ ఆవు విగ్రహం, పేరు టరా కూ, అంటే టరిఫ్ ఆవు. 1913లో ఓ రైతు కొత్తగా వచ్చిన బీమా చందా కట్టనని మొండికేస్తే, అధికారులు అతని తెల్లావుని జప్తు చేసి వేలానికి తెచ్చారు. ఊరంతా తిరగబడింది, గుడ్లూ మట్టిగడ్డలూ విసిరారు, చివరికి చుట్టుపక్కలవాళ్లే డబ్బు పోగేసి ఆవుని కొని రైతుకి తిరిగిచ్చారు. మనవడు నాకీ కథ చెప్పిన తీరు వినాలి. కథ ఇంగ్లీషులో నడిచింది, ఆవు మాత్రం మొదటి నుంచి చివరి దాకా 'కూ'నే. విగ్రహం 2010లో పెట్టారు. అరగంట చాలు ఊరికి. కానీ బేకరీలో వరసలో నిలబడితే ముందూ వెనకా డోరిక్కే.

ఆ బేకరీ గురించి శాకాహారులు గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. బటరీ అనే ఉప్పు రొట్టె చూడ్డానికి మన ఉస్మానియా బిస్కెట్‌కి పెద్దన్నలా ఊరిస్తుంది. పాత పద్ధతిలో దాన్ని పందికొవ్వుతో చేస్తారు, అడక్కుండా తినకండి. ఓట్స్, ఉల్లిపాయ వేయించిన స్కర్లీలోనూ జంతువుల కొవ్వు పడుతుంది. కలెన్ స్కింక్ సూపు అంటే పొగబెట్టిన చేప. నన్ను కాపాడింది మాకరోనీ పై. పిండి గిన్నెలో చీజు వేసిన మాకరోనీ, వేడివేడిగా. అయిదు రోజుల్లో ఏడు తిన్నాను, సిగ్గుపడను.

టరిఫ్ బయట ఓ రైతు ఇంట్లో రెండు రాత్రులు ఉన్నాం. గది చిన్నది, మెట్లు నిలువుగా ఉన్నాయి, స్నానాల గదిలో నీళ్లు వేడెక్కడానికి పది నిమిషాలు. అయినా మొత్తం ప్రయాణంలో ఇదే నాకు నచ్చిన బస. డబ్భై దాటిన ఇంటావిడ మమ్మల్ని గదికి కూడా వెళ్లనివ్వకుండా ఫ్లై కప్ అంటూ టీ పోసింది. టీతోపాటు తినే కేకుని ఫైన్ పీస్ అంటారు. మా మనవణ్ణి "ఫిట్ లైక్, లూన్?" అని పలకరిస్తే వాడు తడుముకోకుండా "నే బ్యాడ్, ఫూస్ యర్సెల్?" అన్నాడు. బాగానే ఉన్నా, మీరెలా ఉన్నారు అని. ఆవిడ వంటింటి బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచి వాణ్ణి దగ్గరికి లాక్కుంది. ఆ హత్తుకోవడాన్ని బోజీ అంటారట.

పిల్లాడు నిద్రపోయాక ఆవిడ తన చిన్నప్పటి బడి సంగతి చెప్పింది. తెలుసా అనడానికి 'కెన్' అనేసినందుకు టీచరు చేతులు చాపమని తోలుబెల్టుతో కొట్టింది. ఆ బెల్టుని టాజ్ అంటారు, చివర చీలికలు ఉంటాయి. ఫైఫ్‌లోని లాక్‌గెల్లీ అనే ఊరు దీని తయారీకి పెట్టింది పేరు. ప్రభుత్వ బడుల్లో ఇది 1987లో గానీ ఆగలేదు. 1872 చట్టంతో ఊరూరికీ నిర్బంధ చదువు వచ్చింది, దాంతోపాటే బడిలో ఇంగ్లీషు తప్ప ఇంకోటి మాట కాదనే పట్టుదలా వచ్చింది. "ఇంటి దగ్గర ఓ నోరు, బడి దగ్గర ఓ నోరు" అందావిడ. నేను టీకప్పు వైపు చూస్తూ ఊరుకున్నాను. నేనూ టీచర్నేనని ఆ రాత్రి చెప్పలేదు. నేనెప్పుడూ బెత్తం పట్టలేదు, నిజమే. కానీ క్లాసంతా నవ్వేలా వెక్కిరించడం నాకు బాగా వచ్చు.

మా పర్లాకిమిడి గిడుగు రామమూర్తి గారిని తలుచుకున్నాను. తెలుగులో వాడుక భాష కోసం ఆయన పోరాడింది అందరికీ తెలుసు. అంతకుముందే సవర గిరిజన పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకుని, పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఫొటోకి దండ వేసి, మర్నాడు పిల్లల 'ఏటి'ని దిద్దిన మనిషిని నేను.

మూడో రోజు పొద్దున మింట్లా అనే ఊరి పక్కన ఏడెన్ పార్కు. లోపల వ్యవసాయ మ్యూజియం ఉంది. అర్ధచంద్రాకారపు పాత కొట్టాలు, వేరే చోటి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ కట్టిన 1950ల నాటి రైతు ఇల్లు, పాలేర్లు పడుకునే చామర్ అనే గది. పిల్లలు పరిగెత్తడానికి బోలెడంత చోటు. డోరిక్ మాటలన్నీ పలకల మీద రాసి ఉన్నాయి. చదవడానికి బాగుంది గానీ, గంటన్నరలో ఒక్క పిల్ల నోటి నుంచీ వినలేదు. పిల్లల్ని వెంటేసుకొచ్చిన తల్లులు ఆ మాటల్ని గట్టిగా చదివి నవ్వుకుంటున్నారు. సంక్రాంతి సంబరాల్లో ప్లాస్టిక్ రోలు ముందు ఫొటో దిగుతామే, అలా.

ఆ రాత్రి క్రోవీలో. కొండ అంచుకీ సముద్రానికీ మధ్య ఒకే వరస ఇళ్లు, పక్క గోడని సముద్రం వైపు తిప్పి కట్టారు, అలలు గుమ్మంలోకి రాకుండా. ఇళ్ల ముందు నడకదారే తప్ప కారు దారి లేదు. కారు ఊరి చివర ఆపి, సామాను చక్రాల తోపుడు బండిలో వేసుకుని తోసుకెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రాత్రి పూట దిగకండి. 1953 జనవరి 31 తుపాను ఇళ్లని కొట్టుకుపోయాక చాలామంది వెళ్లిపోయారు. ఇప్పుడు ఎక్కువ ఇళ్లు సెలవులకి అద్దెకిచ్చేవే. మా కుటీరం ముచ్చటగా ఉంది. పొయ్యి, కిటికీలో సముద్రం, పక్క మీద ఉన్ని దుప్పట్లు. ధర రైతు ఇంటికి దాదాపు రెండింతలు, ఫోన్ సిగ్నల్ సున్నా. అన్నిటికన్నా, ఊళ్లో పిల్లలు లేరు. సాయంత్రమంతా నడిస్తే ఎదురుపడినవాళ్లు లండన్ నుంచీ గ్లాస్గో నుంచీ వచ్చిన మాలాంటివాళ్లే. ఫొటోలకి పదికి తొమ్మిది, చెవులకి సున్నా. ఒక్క రాత్రి చాలు.

నాలుగో రోజు ఫ్రేజర్‌బరా. నన్నడిగితే ఈ తీరంలో అసలు చూడాల్సింది ఇదే, అందం పెద్దగా లేకపోయినా. చేపల రేవు, డీజిలు వాసన, సీగల్ పక్షుల దోపిడీ. చిన్న కోట మీదే 1787లో దీపస్తంభం కట్టారు, పక్కన మ్యూజియం. గైడు పైదాకా తీసుకెళ్లి దీపం చూపిస్తాడు. టికెట్టుకి తగ్గ విలువ ఉంది. గైడు మాకోసం చక్కటి ఇంగ్లీషులో మాట్లాడి, కిందనున్న తోటి పనివాడితో మాత్రం గొంతు మార్చేశాడు.

మధ్యాహ్నం ఇసుక తీరంలో ఇద్దరు మగపిల్లలు, ఓ ఆడపిల్ల బంతి ఆడుతున్నారు. ఎనిమిది, తొమ్మిదేళ్లుంటాయి. "గీస్ ద బా!" "ఇట్స్ నే యోర్స్, మిన్!" బంతి ఇటివ్వు, అది నీది కాదురా అని. దూరంగా తల్లి కేక, "ఫార్స్ యర్ షీన్?" షూలెక్కడరా అని. బంతి నా కాళ్ల దగ్గరికి దొర్లింది. ఆ అమ్మాయి వచ్చి, ఒంటి మీద యూనిఫాం వేసుకున్నట్టే గొంతు సర్దుకుని, "సారీ, కెన్ ఐ హావ్ అవర్ బాల్, ప్లీజ్?" అంది. 'బా' కాస్తా 'బాల్' అయింది. అటు తిరిగిన మరుక్షణం మళ్లీ 'బా'.

మావాడు వాళ్లతో కలిసి గంట ఆడొచ్చాక అడిగాను, నాతో ఎందుకలా మాట్లాడింది అని. "నువ్వు టీచర్లా ఉంటావు కదా మామ్మా" అన్నాడు, ఇసుక దులుపుకుంటూ.

ఇప్పుడు బడుల్లో కొట్టడం లేదు, వెక్కిరించడమూ తగ్గిందట. జనవరిలో స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజుకి పిల్లల చేత స్కాట్స్ పద్యాలు చెప్పిస్తారు. మావాడికీ కిందటేడు ఓ బహుమతి వచ్చింది. అయితే వాడికి పద్యంలో మాటలు సగం తెలియవు, ఆటలో మాటలు అన్నీ తెలుసు. 2022 జనాభా లెక్కల్లో దాదాపు 15 లక్షల మంది స్కాట్స్ మాట్లాడతామన్నారు. 2025 జూన్‌లో స్కాటిష్ పార్లమెంటు చట్టం చేసి, ఇక్కడి మరో భాష గేలిక్‌తోపాటు స్కాట్స్‌కీ అధికార హోదా ఇచ్చింది. అదే ఏడాది నవంబరు 30 నుంచి అమలు. మంచిదే. కానీ ఆ క్వైన్ బంతి కోసం వచ్చినప్పుడు నాతోనూ 'బా' అనేదాకా ఏ హోదా ఇచ్చినా సగం పనే అని నా అనుమానం.

ఆ రాత్రి తీరంలోనే ఓ హోటల్లో దిగాం, పేరెందుకు లెండి. హీటరు పనిచెయ్యలేదు, తివాచీకి తడి వాసన, రిసెప్షన్‌లో రాత్రి తొమ్మిది తర్వాత మనిషి లేడు. పొద్దున ఫిర్యాదు చేస్తే నవ్వి ఊరుకున్నారు, పెన్నీ తగ్గించలేదు. ముందే సమీక్షలు చదువుకోనందుకు తప్పు కొంత మాదే. అబ్బాయికి ఆఫీసు నుంచి పిలుపొచ్చి తెల్లారగట్లే కారుతో వెళ్లిపోయాడు.

నేనూ మనవడూ బస్సెక్కాం. ఈ వైపు రైలు లేదు, 1965లో ప్రయాణికుల రైళ్లు ఆపేశారు. బస్సు శుభ్రంగా ఉంది, వేళకి వచ్చింది. స్కాట్లండ్‌లో ఉండే 22 ఏళ్లలోపు వాళ్లకీ అరవై దాటిన వాళ్లకీ కార్డుంటే బస్సు ఉచితం. చుట్టపుచూపుగా వచ్చిన నాకు టికెట్ తప్పలేదు. వాడు కార్డు యంత్రానికి తాకించి దర్జాగా కూర్చున్నాడు, మామ్మ చిల్లర లెక్కపెట్టుకుంది. వీలుంటే పై అంతస్తులో ముందు సీట్లో కూర్చోండి. పొలాలు, టర్నిప్ మడులు, ఎడం పక్క అప్పుడప్పుడూ సముద్రం.

ఓ స్టాపులో బడి వయసు పిల్లలు నలుగురు ఎక్కి మా వెనక చేరారు. గోల గోల. నేను వెనక్కి తిరగలేదు, తిరిగితే ఇంగ్లీషు మొదలవుతుందని. కిటికీ అద్దంలోకి చూస్తూ వింటున్నాను. మనవడు నా చెవి దగ్గరికి వంగి, "ఆ క్వైన్ ఏమందో తెలిసిందా?" అన్నాడు.

"ఏటంది?" అన్నాను.

వాడు నన్ను వింతగా చూశాడు. "మామ్మా, ఏమిటి అనాలి."