తొమ్మిదేళ్లుగా నింపుతున్న పదకేళి

మా ఇంటికి వచ్చే దినపత్రికలోని పదకేళిని తొమ్మిదేళ్లుగా దాదాపు ఒక్క రోజు కూడా వదలకుండా నింపుతున్నాను కనుక, దాని మంచిచెడ్డలు రెండూ చెప్పగలననుకుంటున్నాను. మొదట్లో గంట దాటినా సగం గడులు ఖాళీగానే మిగిలేవి. ఇప్పుడు హనుమకొండలోని మా వాకిట్లో రెండో చాయ్ చల్లారేలోపే చాలా రోజులు పూర్తవుతోంది.

ఆధారాలలో నాకు అన్నిటికంటే నచ్చేవి ప్రకృతి వికృతులు. గత వానాకాలంలో ‘మేఘానికి వికృతి’ అని మూడక్షరాల అడ్డం ఒకటి వచ్చింది. నేను తడుముకోకుండా ‘మొయిలు’ అని రాశాను గాని, నిలువున ‘గుమ్మడి’ పడడంతో నడిమి గడిలో ‘యి’ కుదరలేదు. బడిలో నా పక్కన కూర్చున్న మిత్రుడు ఇప్పుడు ములుగులో ఉంటూ రోజూ ఇదే పదకేళి నింపుతాడు. ఫోన్ చేస్తే, “మొగులు రా! పొద్దుగాల లేస్తే మనమనే మాటనే గదా, మర్చిపోయినవా?” అని నవ్వాడు.

మరచిపోవడానికి కారణం ఉంది. ఎనిమిదో తరగతిలో వానాకాలం గురించిన వ్యాసంలో ‘మొగులు పట్టింది’ అని రాస్తే, మా తెలుగు సారు ఎర్రసిరాతో దాని చుట్టూ సున్నా చుట్టి, పైన ‘మేఘావృతమైంది’ అని దిద్దారు. మరుసటి ఏడు వ్యాకరణ పాఠంలో వికృతుల పట్టిక వచ్చినప్పుడు అదే మాటను ఆయనే మాచేత వల్లె వేయించారు. సున్నా చుట్టిన మాటా, వల్లె వేసిన మాటా ఒక్కటేనని మాలో ఎవరికీ తట్టలేదు. సారుకు కూడా తట్టినట్టు లేదు.

లోపాల సంగతికి వస్తే, మొదటిది పొల్లు. పదకేళిలో గుణింతమూ, ఒత్తులూ, సున్నా అన్నీ కలుపుకొని గడికి ఒక అక్షరం. ‘స్త్రీ’ ఎంత బరువైనా ఒక్క గడిలోనే ఇమడాలి. అయితే ‘వరంగల్’ వంటి మాటకు ఒకనాడు చివరి ‘ల్’కు వేరే గడి ఇచ్చి నాలుగు చేస్తారు, మరొకనాడు ‘గల్’ను ఒకే గడిలో ఇరికించి మూడుతో సరిపెడతారు. ‘ఓరుగల్లు’కు ఈ బాధ లేదు, అది ఎప్పుడూ నాలుగే. ఏదో ఒక పద్ధతికి కట్టుబడితే మాకు రబ్బరు అరగడం తగ్గుతుంది.

రెండోది కొంచెం నొప్పించేది. ‘తొవ్వ’, ‘కైకిలి’, ‘ఆనపకాయ’ వంటి మాటలు కాళోజీ జయంతి అయిన సెప్టెంబరు 9న, అంటే తెలంగాణ భాషా దినోత్సవం నాడు, గుంపుగా వస్తాయి. తరువాత మళ్లీ ఏడాదికి గాని కనబడవు. పండుగకు పిలిచిన చుట్టాల వలె వాటికి ఒక్క రోజే మర్యాద జరుగుతోంది.

ఇంగ్లీషు మీడియంలో చదివిన మా అబ్బాయికి వికృతుల ఆధారాలు ఒక్కటీ అందవు, కాని తారుమారైన అక్షరాలను సర్దే ఆధారాలలో నాకంటే ముందే జవాబు చెబుతాడు. కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారు ఇంట్లో ఇద్దరు కూర్చొని నింపడం మేలు. జవాబులు మరునాటి సంచికలో గాని రావు గనుక, పెన్ను జోలికి పోకుండా పెన్సిలుతోనే రాయండి.