క్యాంపు బస్సా, దగ్గరి కంటాసుపత్రా: పెద్దవాళ్ల శుక్లాల ఆపరేషన్‌కి ఏది మేలు?

మా అత్తమ్మకు ఒక కంటికి ఆపరేషన్ చేయించినప్పటి నుంచి తెలిసినవాళ్లంతా అడిగేది ఇదే: ఊరికొచ్చే ఉచిత క్యాంపులో పేరు రాయించాలా, దగ్గర్లోని కంటాసుపత్రికి వెళ్లాలా?

ఆపరేషన్ వరకైతే పెద్ద తేడా వెతకొద్దు. ఒకప్పటిలా బడి గదుల్లో చేయడం లేదు. క్యాంపులో పరీక్షలే, ఆపరేషన్ పెద్దాసుపత్రి థియేటర్‌లోనే. క్యాంపు వాళ్లకి తరచూ చేసేది ఆరేడు మిల్లీమీటర్ల కోతతో, కుట్లు లేకుండా చేసే పద్ధతి. బాగా ముదిరిన శుక్లానికి అది ఫేకోకి (ఇంకా చిన్న కోతతో, శుక్లాన్ని మెషిన్‌తో ముక్కలు చేసి తీసే పద్ధతికి) ఏమీ తీసిపోదు. కాస్త సిలిండర్ పవర్ (అద్దాలతో సరిచేసుకునే మసక) మిగలొచ్చు, అంతే. "లేజర్‌తో చేయరా?" అని చిన్నబుచ్చుకునేవాళ్లున్నారు గానీ, మామూలు ఫేకోలో వాడేదీ లేజర్ కాదు, అల్ట్రాసౌండ్.

క్యాంపు బలమంతా బస్సులో ఉంది. తీసుకెళ్లి, తిండిపెట్టి, తిరిగి దింపుతారు. తోడు వెళ్లేవాళ్ల కూలి పోదు. కొడుకులు గల్ఫ్‌లో ఉన్న ముసలామెకి ఇది చిన్న సంగతా? పక్కింటావిడ కూడా వస్తోందంటే సగం భయం పోతుంది.

నా లెక్క మాత్రం ఆ బస్సు తిరిగొచ్చాకే మొదలవుతుంది. చుక్కల మందు నాలుగు నుంచి ఆరు వారాలు, క్రమంగా తగ్గిస్తూ వేయాలి. చేతులు వణికే మనిషి తనే వేసుకుంటే సగం చెంప మీదే పడుతుంది. మొదటి వారంలో నొప్పి, ఎరుపు పెరిగినా, వచ్చిన చూపు మళ్లీ మసకేసినా ఇన్ఫెక్షన్ కావొచ్చు, ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. ఆసుపత్రి మూడు బస్సులు మారే దూరంలో ఉంటే "రేపు చూద్దాంలే" అంటారు. ఆ రేపటికి కన్నే పోవచ్చు. రెండో కంటి సంగతీ అంతే, బస్సు మళ్లీ వచ్చేదాకా వాయిదా.

అందుకే మేం దగ్గరిదే ఎంచుకున్నాం. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటాసుపత్రి వాళ్లు 1996లో ఆదిలాబాద్ వైపున్న ముధోల్‌లో తమ తొలి గ్రామీణ ఆసుపత్రి పెట్టారు. ఇప్పుడు వాళ్ల పద్ధతిలో సుమారు 50 వేల జనాభాకి ఒక విజన్ సెంటర్ (కంటి పరీక్షలు చేసే చిన్న కేంద్రం), ఆపరేషన్లకి ఐదు లక్షల మందికో ఆసుపత్రి. విజన్ సెంటర్‌లో ఉండేది టెక్నీషియనే, డాక్టర్ కాదు. అయినా ఎర్రబడ్డ కన్ను చూసి ఎక్కడికి పంపాలో తెలిసిన మనిషి ఆటోలో వెళ్లేంత దగ్గర్లో ఉంటే నాకు టెన్షన్ లేదు. డబ్బుల్లేనివాళ్లకి అక్కడా ఉచితమే.

టౌన్‌లో ప్రైవేటు? స్తోమతుంటే సరే. మల్టీఫోకల్ లెన్సని (దూరమూ దగ్గరా రెండూ కనిపించేలా చేసేది) ఒత్తిడి చేస్తే వినక్కర్లేదు, మామూలు లెన్సూ దగ్గరి చూపు అద్దాలూ చాలు.

వరికోతలయ్యాక చేయిద్దామంటే ఆగొచ్చు. పొర ముదరాలని మాత్రం ఆగొద్దు, ముదిరేకొద్దీ ఆపరేషనే కష్టమవుతుంది.

క్యాంపు తప్ప దారి లేదంటే, బస్సెక్కే ముందు రెండు కనుక్కోండి: వారం తర్వాత చెకప్ ఎక్కడ, రాత్రిపూట నొప్పొస్తే ఫోన్ ఎవరికి చేయాలి.