మూడేళ్లుగా మా గాజుతొట్టిలో తెల్ల ఐసోపాడ్‌లు

ముందే చెప్పేస్తాను. చూసుకుని మురిసిపోవడానికి పురుగులు కావాలంటే తడి మట్టిలో ఉంటూ రాలిన ఆకులు తిని బతికే ఈ చిన్న తెల్ల ఐసోపాడ్‌లు కొనకండి. మూడేళ్లుగా మా ఇంట్లో ఉన్నాయి, లెక్క వందలు ఎప్పుడో దాటింది. అయినా ఇంటికి వచ్చినవాళ్లకు చూపిద్దామంటే ఒక్కటీ పైకి రాదు. ఎండుటాకు ఎత్తితే బియ్యపు నూకల్లాంటివి నాలుగు కదులుతాయి, మరుక్షణం మట్టిలోకి దూరిపోతాయి. దర్శనం అంతటితో సరి.

హైదరాబాద్‌లో మాది అపార్ట్‌మెంట్. అడుగున్నర పొడవు గాజుతొట్టిలో కొబ్బరిపొట్టు, మట్టి కలిపి ఫెర్న్, ఫిట్టోనియా, కాస్త నాచు పెంచుతున్నాను. మొదటి వానాకాలంలోనే చెక్కముక్క మీద బూజు పట్టింది, రాలిన ఆకులు కుళ్లి జిగటగా మారాయి. స్ప్రింగ్‌టెయిల్‌లు అనే, బూజు తినే అతిచిన్న నేల జీవులను వేస్తే బూజు తగ్గింది కానీ ఆకులను కొరికి ముక్కలు చేసే శక్తి వాటికి లేదు. అందుకే వీటిని తెప్పించాను. ఉష్ణమండల అమెరికా జీవి, శాస్త్రీయనామం ట్రైకోరైనా టోమెంటోసా, బాగా పెరిగినా నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు. తడి నాచు కుక్కిన చిన్న డబ్బాలో పదిహేను వచ్చాయి. ఇద్దరం సినిమాకు వెళ్లి వచ్చేంత ఖర్చయింది.

డబ్బా చూసి మా అత్తగారు, "డబ్బులిచ్చి పురుగులు కొనడమేమిటమ్మా? మన కరివేపాకు కుండీ ఎత్తి చూడు, బోలెడు" అన్నారు. ఎత్తి చూస్తే నిజంగానే ఉన్నాయి, బూడిదరంగువి, వీటికి మూడింతలు. ఆశపడి పది పట్టి తొట్టిలో వేశాను. నెల తిరిగేసరికి నాచు మీద గుంతలు, ఫెర్న్ చిగుళ్లకు కోతలు. రాత్రి బంగాళాదుంప ముక్క ఎరగా పెట్టి, తెల్లవారి దాని కిందికి చేరినవాటిని ఏరి మళ్లీ కుండీలోకే పంపాను. అయితే చూడముచ్చట మాత్రం వాటిదే. ఒకటి కుబుసం విడుస్తుంటే అరగంట కదలకుండా చూశాను. ఇవి ఒంటి తోలును ఒకేసారి వదలవు. ముందు వెనుక సగం, ఒకటి రెండు రోజులాగి ముందు సగం. ఆ మధ్యలో, సున్నం సగంలో ఆపేసిన గోడలా, వెనుకంతా తెలుపు, ముందంతా బూడిదరంగు.

పురుగులు అంటున్నాను గానీ ఇవి రొయ్యలకు, పీతలకు చుట్టాలు. పొట్ట కింద మొప్పల్లాంటి పలకలతో గాలి పీలుస్తాయి, ఆ పలకలు తడిగా ఉండాలి. నాకు ఇది పుస్తకంలో చదివితే ఎక్కలేదు. మొదటి మే నెలలో తొట్టి మూత కాస్త తెరిచి, కిటికీ పక్కనే వదిలేసి పది రోజులు ఊరు వెళ్లాం. వచ్చేసరికి నాచు అప్పడంలా విరిగింది, ఐసోపాడ్ ఒక్కటీ లేదు. ఖాళీ చేసి కడగాలనుకుంటూనే బద్ధకించి నీళ్లు మాత్రం చల్లాను. మూడు వారాలకు చెక్కముక్క కింది పల్లంలో రెండు కనిపించాయి, దసరా నాటికి తొట్టి మళ్లీ నిండింది. ఈ జాతిలో దాదాపు అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే పిల్లలను కంటాయి. గుడ్లను పొట్ట కింది సంచిలోనే మోస్తాయి. ఒక్కటి బతికితే చాలు. ఇప్పుడు తొట్టిని గోడవైపు జరిపాను, నీళ్లు ఒక పక్కే చల్లుతాను, రెండో పక్క కాస్త ఆరనిస్తాను. తమకు ఎక్కడ బాగుంటే అక్కడికి అవే వెళతాయి. ఆ గదిలో దోమల మందు ప్లగ్గు కూడా పెట్టం. అందులో సాధారణంగా వాడే పైరెథ్రాయిడ్‌లు రొయ్యల వర్గానికి విషం.

తిండి ఖర్చు లేనట్టే. మా వీధి చివర బాదం చెట్టు ఉంది, ఎర్రబడి రాలిన ఆకులు తెచ్చి పది నిమిషాలు ఉడకబెట్టి ఆరబెడతాను. వేసిన ఆకు నెల, నెలన్నరకు ఈనెలు మాత్రమే మిగిలి వలలా తయారవుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి గోడ కనిపిస్తుంది. ఇన్నేళ్లలో వాటి పనితనానికి నాకు దొరికిన రుజువు అదే. సున్నం కోసం కోడిగుడ్డు పెంకు పొడి, వారానికోసారి కీరదోస ముక్క. ముక్కను రెండు రోజుల్లో తీసేయకపోతే నల్లటి చిన్న ఈగలు మూగుతాయి, వాటితో పడే బాధ బూజు బాధకన్నా ఎక్కువ.

ఇక ఫిర్యాదు. సంఖ్య మన చేతుల్లో ఉండదు. ఆకులు అయిపోయినా పట్టించుకోకపోతే లేత వేళ్ల మీద పడతాయి. కొత్తగా గుచ్చిన ఫిట్టోనియా కొమ్మలు మూడు వాడిపోతే పీకి చూశాను, వేళ్లు మొదళ్ల దాకా నమిలి ఉన్నాయి. అప్పటినుంచి కొమ్మలను గ్లాసు నీళ్లలో పెట్టి, వేళ్లు వేలెడు పొడవు వచ్చాకే నాటుతున్నాను. ముదిరిన మొక్కల జోలికి మాత్రం ఇంతవరకు రాలేదు.

ఎవరైనా అడిగితే సాయంత్రం కీరదోస ముక్క పెట్టి, పొద్దున్నే దాని అడుగున అంటుకున్న తెల్లటి గుంపును అలాగే డబ్బాలోకి దులిపి ఇస్తాను. పరాయి నేల జీవి కాబట్టి బయట మట్టిలో వదలవద్దని మరీ మరీ చెబుతాను. ఇప్పటికి ఆరు డబ్బాలు వెళ్లాయి. ఏడోది మా అత్తగారే అడిగారు, కరివేపాకు కుండీలో వేస్తారట. ఆవిడకు మాత్రం ఇవ్వలేదు.