జాగ్రత్త: "పగలు నుంచి రాత్రికి ఆటోమేటిక్" అని అమ్మే టైమ్‌లాప్స్ కిట్ల జోలికి పోకండి

సూర్యోదయం, సూర్యాస్తమయం టైమ్‌లాప్స్ (కొన్ని సెకన్లకో ఫొటో చొప్పున తీసి వీడియోగా కలపడం) తీయడానికి సామాను కొనాలనుకుంటున్నవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. టైమర్ రిమోట్, డమ్మీ బ్యాటరీ (బ్యాటరీ స్థానంలో పెట్టి బయటి నుంచి కరెంటు ఇచ్చేది), తిప్పితే ముదురయ్యే వేరియబుల్ ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వెళ్లే వెలుగును తగ్గించే అద్దం), మెమరీ కార్డు, ఈ నాలుగూ ఒకే పెట్టెలో పెట్టి "సన్‌రైజ్ సన్‌సెట్ కిట్" అని అమ్ముతున్నారు. నేను కొన్నది అలాంటిదే. నాలుగింటిలో ఒక్కటి కూడా పెట్టె మీద రాసిన పని చేయలేదు, అందులో ఒకటైతే కళ్లకే ప్రమాదం. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా పెద్ద ఉపయోగం ఉండదు, ఎందుకంటే అచ్చం ఇదే సరుకు లేబుల్ మార్చి వేరే పేర్లతో కూడా కనిపిస్తోంది. పేరు కంటే పెట్టె మీది మాటలు గుర్తుపెట్టుకోండి.

ముందు కళ్ల సంగతి, మిగతావన్నీ దీని తర్వాతే. ఫిల్టర్‌తో వచ్చిన కాగితంలో "ఈ ఫిల్టర్ పెట్టుకుని సూర్యుణ్ణి నేరుగా చూడవచ్చు" అని ఉంది. అది పచ్చి అబద్ధం, పైగా ప్రమాదకరమైన అబద్ధం. ఎన్‌డీ ఫిల్టర్ వేరు, సోలార్ ఫిల్టర్ వేరు. ఎన్‌డీ400 అంటే వెలుగును 400వ వంతుకు తగ్గిస్తుంది, ఎన్‌డీ1000 అంటే వెయ్యో వంతుకు. సూర్యుణ్ణి చూడటానికి తయారుచేసే సోలార్ ఫిల్టర్లు సుమారు లక్షో వంతుకు తగ్గిస్తాయి. తేడా ఎంతుందో చూడండి. ఇంకో విషయం, వేరియబుల్ ఎన్‌డీ అంటే ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు పోలరైజర్లు, ఇవి కంటికి కనిపించే వెలుగును తగ్గిస్తాయి కానీ ఇన్‌ఫ్రారెడ్‌ను సరిగ్గా ఆపవు. అంటే చూసేవాళ్లకు చీకటిగానే ఉంటుంది, నొప్పి తెలియదు, లోపల రెటీనా మాత్రం దెబ్బతింటుంది. అద్దం ఉన్న పాత రకం డీఎస్‌ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి, అందులోనూ జూమ్ లెన్స్ పెట్టి ఈ ఫిల్టర్‌తో సూర్యుణ్ణి చూడకండి. స్క్రీన్ మీద చూస్తూ ఫ్రేమ్ పెట్టుకోండి. ఇంట్లో పిల్లలుంటే ఈ ఫిల్టర్ వాళ్ల చేతికి అసలు ఇవ్వకండి, గ్రహణం రోజున ఎవరైనా అడిగినా ఇవ్వకండి.

ఇక టైమర్. పెట్టె మీద పెద్ద అక్షరాలతో "ఆటో ర్యాంపింగ్, పగటి నుంచి రాత్రి వరకు ముట్టుకోనక్కర్లేదు" అని ఉంది. ర్యాంపింగ్ అంటే వెలుగు మారేకొద్దీ కెమెరా సెట్టింగులను మెల్లగా మార్చుకుంటూ పోవడం. ఈ పనిలో అసలు కష్టమంతా అక్కడే ఉంటుంది కాబట్టి ఆ మాట చూడగానే కొనేస్తాం. మంచి ఎండ నుంచి చంద్రుడు లేని రాత్రి వరకు వెలుగు దాదాపు 20 స్టాప్‌లు పడిపోతుంది. ఒక్కో స్టాప్‌కు వెలుగు సగం అవుతుంది, అలా 20 సార్లు సగం చేసుకుంటూ పోతే పది లక్షల రెట్ల తేడా. అస్తమయం తర్వాత సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీలు కిందికి దిగేదాకా ఉండే సంధ్యవేళలో ఇంకా వేగంగా మారుతుంది. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో ఆ సమయం మొత్తం 20 నిమిషాల పైచిలుకే. ఆ కాసేపట్లో షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం), ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) మెల్లమెల్లగా, వీడియోలో కుదుపు కనిపించకుండా మారాలి.

ఈ రిమోట్ ఆ పని ఎలా చేస్తుందని మీరు అనుకుంటున్నారు? దాని కేబుల్ వెళ్లేది కెమెరా షట్టర్ పోర్టులోకి. ఆ కేబుల్‌లో ఉండేవి మూడే తీగలు, ఒకటి ఫోకస్‌కు, ఒకటి షట్టర్‌కు, ఒకటి గ్రౌండ్. దాంతో "బటన్ నొక్కు, వదులు" అని చెప్పడం తప్ప ఇంకేమీ చెప్పలేరు. ఐఎస్‌ఓ మార్చలేదు, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వెళ్లే రంధ్రం సైజు) మార్చలేదు. బల్బ్ మోడ్‌లో పెడితే బటన్ ఎంతసేపు నొక్కి ఉంచితే అంతసేపు షట్టర్ తెరిచి ఉంటుంది, ఆ ఒక్క దారిలో ఎక్స్‌పోజర్ (ఫొటోకు వెలుగు అందే సమయం) మార్చవచ్చు. కానీ సెకనులో పదో వంతు కంటే తక్కువ సమయాన్ని ఆ పద్ధతిలో నమ్మకంగా పట్టుకోవడం కష్టం. సూర్యుడు ఇంకా పైన ఉన్నప్పుడు కావలసింది సెకనులో వెయ్యో వంతు లాంటివి. అంటే పెట్టె మీద రాసింది ఆ తీగలతో జరిగే పనే కాదు. నిజంగా ర్యాంపింగ్ చేసే పరికరాలు కెమెరాతో యూఎస్‌బీ ద్వారానో వైఫై ద్వారానో మాట్లాడతాయి. కొనే ముందు కేబుల్ ఫొటో చూడండి, షట్టర్ పోర్టుకు వెళ్లే పిన్ను ఒక్కటే ఉంటే ఆ "ఆటోమేటిక్" మాట నమ్మకండి.

సరే, ర్యాంపింగ్ లేకపోతే పోయింది, కనీసం మామూలు టైమర్‌గానైనా పనికొస్తుందేమోనని కెమెరాను ఎపర్చర్ ప్రయారిటీలో (ఎపర్చర్ మనం పెడితే షట్టర్ స్పీడ్ కెమెరాయే ఎంచుకునే మోడ్) పెట్టి, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఇంటర్వెల్ 8 సెకన్లు పెట్టి ఒక సాయంత్రం మొత్తం తీశాను. తీసిన ఫ్రేములను కంప్యూటర్‌లో టైమ్ ప్రకారం పేర్చి చూస్తే అసలు రంగు బయటపడింది. 8 సెకన్లని పెట్టినది ఒకసారి 6, ఒకసారి 9. వెలుగు బాగా ఉన్నంతసేపు ఇది పెద్దగా తెలియదు. చీకటి పడి ఎక్స్‌పోజర్ 6 సెకన్లకు చేరాక, ముందుగా వచ్చిన సిగ్నల్‌ను షట్టర్ ఇంకా తెరిచే ఉన్న కెమెరా పట్టించుకోదు, ఆ ఫ్రేము పోయినట్టే, తర్వాతి ఫ్రేము 14, 15 సెకన్లకు వస్తుంది. వీడియోలో అక్కడ మబ్బులు ఉన్నట్టుండి పరుగెత్తినట్టు కనిపిస్తాయి. సూర్యబింబం తన వెడల్పంత దూరం కదలడానికి పట్టేది రెండు నిమిషాలే, కాబట్టి బింబం అంచు దిగంతాన్ని తాకే దగ్గర రెండు ఫ్రేములు పోతే ఆ గెంతు ఎవరి కళ్లకైనా కనిపిస్తుంది. దాన్ని ఎడిటింగ్‌లో పూడ్చలేం.

దీనికి సెల్లర్ ఇచ్చిన జవాబు వినండి: "అది ఫ్లికర్ సార్, మీ లెన్స్ సమస్య." ఫ్లికర్ అనేది నిజంగానే ఉంది, కాదనను. ఎఫ్8, ఎఫ్11 లాంటి చిన్న ఎపర్చర్ పెడితే ప్రతి ఫ్రేముకూ లోపలి బ్లేడ్లు మూసుకుని తెరుచుకుంటూ ప్రతిసారీ సరిగ్గా అదే స్థానానికి రావు, అందుకే ఒక ఫ్రేము కాస్త వెలుగ్గా, ఇంకోటి కాస్త మసకగా వస్తుంది. కానీ ఫ్లికర్ మార్చేది వెలుగును, సమయాన్ని కాదు. ఫొటోలో నమోదైన టైమ్‌లో ఖాళీలు ఉంటే తప్పు టైమర్‌దే. ఈ తేడా తెలియనివాళ్లకు అదే జవాబు చెప్పి పంపించేస్తున్నారు, మీరు మాత్రం ఊరుకోకండి. ఒక్క విషయం మాత్రం ముందే సరిచూసుకోండి, కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే ప్రతి పొడవాటి ఎక్స్‌పోజర్ తర్వాత మళ్లీ అంత సమయమూ కెమెరా ఖాళీగా ఉండదు, అప్పుడు కూడా ఖాళీలు వస్తాయి. నాది ఆఫ్‌లోనే ఉంది.

అసలు చాలామందికి ఈ రిమోట్ అవసరమే లేదు. నికాన్, సోనీ, ఫూజీఫిల్మ్, కెనాన్ కెమెరాల్లో చాలా మోడళ్ల మెనూలోనే ఇంటర్వెల్ టైమర్ ఉంటుంది. ముందు మీ కెమెరా మెనూ మొత్తం తిరగేయండి. ఎక్స్‌పోజర్ ఎగుడుదిగుళ్లను తర్వాత సాఫీ చేయడానికి ఎల్‌ఆర్‌టైమ్‌లాప్స్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంది, రా ఫార్మాట్‌లో (కెమెరా మెరుగులు దిద్దని అసలు డేటా) తీసి ఉంటే చాలావరకు చక్కబడుతుంది.

డమ్మీ బ్యాటరీ దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. తెల్లవారుజామున ఇంకా చీకటిగా ఉండగానే మొదలుపెట్టి ఎండ వచ్చేదాకా ఆగకుండా తీయాలి కాబట్టి దీని మీదే ఆశ పెట్టుకుంటాం. మొదట, తీగ బయటికి వచ్చే చోటు తప్పు. కెమెరా బ్యాటరీ మూత పక్కన తీగ కోసం చిన్న రబ్బరు తలుపు ఉంటుంది కదా, ఈ డమ్మీలో తీగ దానికి ఎదురు వైపు నుంచి వస్తోంది. మూత పూర్తిగా పడదు. మూత పడకపోతే చాలా కెమెరాలు ఆన్ కావు, లోపల చిన్న స్విచ్ ఉంటుంది. బలవంతంగా వంచి మూస్తే తీగ మీది తొడుగు అక్కడే నలిగి లోపలి రాగి కనిపించింది.

అది అలా ఉంచండి, కరెంటు సంగతి ఇంకా ఘోరం. యూఎస్‌బీ మామూలుగా ఇచ్చేది 5 వోల్టులు, ఇలాంటి కెమెరా బ్యాటరీలు చాలావరకు 7.2 వోల్టులవి, నిండుగా చార్జ్ అయినప్పుడు 8.4 దాకా ఉంటాయి. కాబట్టి మధ్యలో వోల్టేజ్ పెంచే చిన్న సర్క్యూట్ ఉండాలి, అది బాగుంటేనే డమ్మీ బాగున్నట్టు. దీన్ని మల్టీమీటర్‌తో చూస్తే కెమెరా ఆఫ్‌లో ఉన్నప్పుడు 8 వోల్టులు దాటి చూపిస్తోంది, షట్టర్ పడగానే 6 చిల్లరకు జారిపోతోంది. అందుకే బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగి కెమెరా తనంతట తానే ఆగిపోతోంది, అది కూడా మొదటి పది నిమిషాల్లో కాదు, సర్క్యూట్ వేడెక్కాక. "ఏ పవర్ బ్యాంకుతోనైనా పనిచేస్తుంది" అన్నదీ నిజం కాదు. రెండు ఫ్రేముల మధ్య కెమెరా లాక్కునే కరెంటు చాలా తక్కువ, అది చూసి కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని వాటంతటవే ఆఫ్ అయిపోతాయి. తక్కువ కరెంటుకు కూడా ఆగకుండా ఇచ్చే మోడ్ ఉన్న పవర్ బ్యాంకు కావాలి. మీ కెమెరా యూఎస్‌బీ-సి నుంచి నేరుగా పవర్ తీసుకుంటే అసలు డమ్మీ బ్యాటరీయే వద్దు.

మెమరీ కార్డు మీద రాసిన సైజు దొంగది. ఇలాంటి కార్డులు కెమెరాకు పెద్ద సైజు చూపిస్తాయి, లోపల అసలు చోటు నిండాక పాత ఫ్రేముల మీదే కొత్తవి రాస్తాయి లేదా ఫైళ్లు పాడవుతాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ విండోస్‌లో, ఎఫ్3 అనేది లినక్స్, మ్యాక్‌లలో కార్డు మొత్తం నింపి చూసి నిజం చెప్పేస్తాయి. కొత్త కార్డు ఏది కొన్నా ముందు ఈ పరీక్ష పెట్టండి.

ఫిల్టర్ గురించి ఇంకో మాట. వెడల్పు లెన్స్ మీద బాగా ముదురు చేస్తే ఆకాశం మీద ఇంటూ గుర్తులా నల్లటి చారలు పడుతున్నాయి, రంగు కూడా గోధుమ వైపు తిరిగిపోతోంది. నా అభిప్రాయంలో సూర్యాస్తమయ టైమ్‌లాప్స్‌కు ఎన్‌డీ లేకపోయినా నష్టం లేదు. చీకటి పడుతుంటే దాన్ని మధ్యలో విప్పాలి, విప్పడానికి ముట్టుకుంటే ఫ్రేము కదులుతుంది, అంత కష్టపడి పెట్టిన ట్రైపాడ్ వృథా. ఆ డబ్బుతో లెన్స్‌కు చుట్టే చిన్న డ్యూ హీటర్ పట్టీ కొనుక్కోండి, తెల్లవారుజామున లెన్స్ అద్దం మీద మంచు పట్టకుండా కాపాడుతుంది.

ఇప్పుడు రిటర్న్ సంగతి. వెనక్కి తీసుకోమంటే "మేం పరీక్షించాం, పనిచేస్తోంది" అంటున్నారు. వాళ్ల పరీక్ష ఏమిటంటే టేబుల్ మీద పెట్టి రెండుసార్లు క్లిక్ అనిపించడం. పట్టపగలు ఐదు నిమిషాలు పెడితే ఇందులో ఏ లోపమూ బయటపడదు, గంట దాటాక, వెలుగు పడిపోయాక మాత్రమే పడుతుంది, వాళ్లకు ధైర్యం అక్కడే. ఫిల్టర్ సీలు తీశారు కాబట్టి కిట్ మొత్తానికి రిటర్న్ లేదని ఇంకో మెలిక పెట్టారు. ఫ్రేముల టైమ్ పట్టిక, మల్టీమీటర్ వీడియో, కార్డు టెస్ట్ ఫలితం, కళ్ల గురించి అబద్ధం రాసిన ఆ కాగితం ఫొటో, అన్నీ జతచేసి ఫిర్యాదు పెట్టాను. ఇంకా తేలలేదు.

ఇప్పటికే ఇలాంటి కిట్ కొని గడువు లోపల ఉన్నవాళ్లు మంచి సూర్యాస్తమయం కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ఈ రాత్రే ఒక చీకటి గదిలో కెమెరాను గోడ వైపు పెట్టి, మాన్యువల్‌లో 6 సెకన్ల ఎక్స్‌పోజర్, 8 సెకన్ల ఇంటర్వెల్ పెట్టి, డమ్మీ బ్యాటరీ మీదే రెండు గంటలు వదిలేయండి. 900 ఫ్రేములు రావాలి. ఎన్ని తక్కువ వచ్చాయో, ఏ టైమ్ దగ్గర పోయాయో రాసిపెట్టుకుని రేపే రిటర్న్ పెట్టండి, ఫిల్టర్ సీలు మాత్రం తీయకండి.