ఎస్‌హెచ్‌ఎస్‌ఏటీకి కోచింగా, ఇంట్లో చదువా?

న్యూయార్క్‌లో స్టైవెసంట్, బ్రాంక్స్ సైన్స్ లాంటి ఎనిమిది ప్రభుత్వ హైస్కూళ్లలో చేరాలంటే ఎనిమిదో తరగతిలో రాసే ఎస్‌హెచ్‌ఎస్‌ఏటీ (స్పెషలైజ్డ్ హైస్కూల్స్ అడ్మిషన్స్ టెస్ట్) అనే ఈ ఒక్క ప్రవేశ పరీక్షే ఆధారం. మూడు గంటలు, ఇంగ్లిష్, లెక్కలు కలిపి 114 ప్రశ్నలు. క్యాలిక్యులేటర్ వాడనివ్వరు. అందుకే ఇంట్లో ఇంత టెన్షన్.

కోచింగ్‌తో పెద్ద లాభం క్రమం. వారం వారం మాక్ టెస్టులు పెడతారు, గడియారం చూసుకుంటూ రాయడం అలవాటవుతుంది. కానీ అందరికీ ఒకే వేగం. లెక్కలు బాగా వచ్చి, చదివింది అర్థం చేసుకోవడంలో వెనకబడిన పిల్లకు అక్కడ సగం సమయం వృథానే. ఫీజు సంగతి సరేసరి.

ఇంట్లో అయితే తప్పు దగ్గర ఆగొచ్చు. అబ్బాయిలు, అమ్మాయిలు 3:5 నిష్పత్తిలో ఉన్నారు, మొత్తం 40 మంది, అబ్బాయిలెందరు? చాలామంది పిల్లలు 40ని 5తో భాగించేస్తారు. క్లాసులో సరైన జవాబు 15 అని బోర్డు మీద రాసి ముందుకెళ్లిపోతారు. పక్కన కూర్చున్న అమ్మో నాన్నో మాత్రం "ఆ 5 ఎందుకు తీసుకున్నావురా?" అని అడగగలరు. మొత్తం భాగాలు ఎనిమిదని వాడే కనిపెడితే ఇక మర్చిపోడు. నమూనా పరీక్షలున్న పుస్తకాన్ని నగర విద్యాశాఖే ఉచితంగా ఇస్తుంది కూడా.

నన్నడిగితే ఆరు, ఏడు తరగతుల్లో ఇల్లే మేలు. రోజూ అరగంట చదువు, తప్పులకు ఒక నోట్‌బుక్. పిల్లలు ఒంటరిగా మూడు గంటలు కుదురుగా కూర్చోలేకపోతేనే, పరీక్షకు ముందు వేసవిలో కోచింగ్‌లో చేర్చండి.